నారికురుపూ నా సాక్ష్యమూ

పరులకు సేవ చేస్తే క్రైస్తవుడి మనసుకూ ఆత్మకూ కలిగే లాభాలేమిటో నాలుగు పేజీలు రాసిమ్మని మా అయ్యగారు అడిగారు. అయ్యగారంటే మా పాస్టరు. ఈ మధ్యనే కొత్తగా వచ్చారు. నెలకొక ఆదివారం సైకిలు మీద గురజాల దారిన వచ్చి మా పల్లెలో ఆరాధన జరిపి పోతారు. మిగిలిన ఆదివారాలు సంఘపెద్దగా నేనే జరిపేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు ఇక్కడే బడిపంతులుగా చేశాను కాబట్టి రాయడం నాకు కష్టం కాదు. లాభాలు రాయడమే కష్టంగా ఉంది. రెండు వారాలు కాగితాలు ముందేసుకుని కూర్చుని, చివరికి ఒక జబ్బు గురించి రాస్తున్నాను. సేవ గురించి నాకు తెలిసినదంతా ఆ జబ్బులోనే తెలిసింది. పనికిరాదనుకుంటే అయ్యగారు దీన్ని పొయ్యిలో పెట్టుకోవచ్చు.

నాకు డెబ్బై ఏళ్ళు. ఈ వాక్యం చదివితే మా ఆవిడ కరుణమ్మ అరవై నాలుగంటుంది. ఆమె చెప్పిందే నిజం. డెబ్బై అంటే కుర్రవాళ్ళు లేచి అరుగు మీద చోటిస్తారు.

జబ్బు మొదలైంది యుద్ధం రోజుల్లో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో. కిరసనాయిలు దొరక్క సాయంత్రం ప్రార్థన వెలుగుండగానే ముగించుకుంటున్న ఏడు అది. నా ఎడమ చీలమండ పక్కన చిన్న పొక్కు లేచింది. మూడో రోజుకు రేగుపండంత అయింది. నారికురుపని నాకు వెంటనే తెలిసింది. పల్నాటిలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వేసవి వస్తే పల్లెలో ఒకరో ఇద్దరో కాలు చాపుకుని గోడవార కూర్చునేవారు. పొక్కు పగిలాక లోపలి నుంచి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి. తెగితే కాలంతా విషమెక్కుతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. అది ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎండకు నరం మెత్తబడి పురుగవుతుందని పెద్దవాళ్ళు చెప్పేవారు. నేనూ బడిలో అదే చెప్పాను. ముప్ఫై ఏళ్ళు.

నాకు తెలియనిది ఆ మంట. పచ్చిమిరపకాయలు నూరి చర్మం కింద పెట్టి పైన కట్టు కట్టినట్టు ఉండేది. కూర్చుంటే మంట, నిలబడితే మంట. కరుణమ్మ ఉమ్మెత్తాకు వేసి కట్టింది, ఆముదం రాసింది. ఏం చేసినా తగ్గలేదు.

మా పల్లెకు ఉన్నది ఒక్కటే బావి. ఊరివాళ్ళ బావికి గట్టు ఉంది, గిలక ఉంది. అది మాకు కాదు. మాది దిగుడు బావి, నాపరాళ్ళ మెట్లు. వేసవిలో నీళ్ళు అడుగుకు పోతాయి. మెట్లన్నీ దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఒకరోజు పొద్దున మొహం కడుక్కుందామని దిగి ఎడమ కాలు నీళ్ళలో పెట్టాను. మంట ఆగిపోయింది. ఎవరో చెయ్యి వేసి తీసేసినట్టు ఆగిపోయింది. అంత సుఖం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

మర్నాడు మళ్ళీ దిగాను. మా పల్లెలో మగవాళ్ళు నీళ్ళకు రారు. బావిలో కాలు పెట్టుకుని కూర్చున్న మగాణ్ణి చూస్తే ఆడవాళ్ళు ఊరుకోరు. "ఏంది పంతులయ్యా, పిల్లల్ని ఒదిలేసి కప్పలకు పాఠం చెప్తన్నావా?" అని ఒకామె అంది. అందరూ నవ్వారు. నాకో కారణం కావలసి వచ్చింది.

ఆ కారణం ఎలీశమ్మ. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు, కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. ఆ వారం చలిజ్వరంతో పడుకుని ఉంది. కావడికి రెండు కడవలు కట్టుకుని బావికి పోయాను. తీరిగ్గా కాలు చల్లబరుచుకుని, నీళ్ళు ముంచి, కుంటుకుంటూ తీసుకుపోయి ఆమె వాకిట్లో దించాను.

"నీకెందుకు పంతులయ్యా ఈ మోత? నీ కాలే బాలేదంటన్నారు గదా," అంది ఎలీశమ్మ దుప్పట్లోంచి.

"ఇది ప్రభువు పని, ఎలీశమ్మా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత మెత్తగా పలికిందో ఇప్పటికీ గుర్తుంది.

ఆమె జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. నా నీళ్ళ మోత మాత్రం మూడు వారాలు సాగింది. బావి దగ్గర ఎగతాళి ఆగిపోయింది. కుండ పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు పక్కకు జరిగి నాకు దారి ఇచ్చేవారు. నేను మెట్టు మీద కూర్చుని, కాలు నీళ్ళలో వేసి, సన్నగా ఏదో ఒక పాట పాడుకునేవాణ్ణి. పల్లెంతా ఆ నీళ్ళే తాగింది.

ఈస్టరు దాటాక పురుగు తల బయటపెట్టింది. తెల్లగా, సేమియా ముక్కలా ఉంది. ఇక నన్ను మంచం కదలనివ్వలేదు కరుణమ్మ. రోజూ పొద్దున చీపురుపుల్ల పట్టుకుని నా కాళ్ళ దగ్గర కూర్చునేది.

"కదలమాక. ఇయ్యాల మూడు వేళ్ళ మందం వచ్చింది," అనేది.

"మూడేనా? నిన్న నాలుగు వచ్చిందిగా."

"అడిగినంత రావడానికి ఇదేమన్నా నీ బళ్ళో పిల్లోడా? దాని ఇష్టం వచ్చినంత వస్తది."

నా జన్మలో నేను దేనికీ అంతగా లొంగి ఉండలేదు. కోపం వస్తే తిట్టడానికి ఎదురుగా మనిషి లేడు. ఒక దారం ఉంది. ఆ దారం రోజుకు ఇంత అని తనకు తోచినంతే బయటికి వచ్చేది. దాన్ని చూస్తూ నేను పడుకుని ఉండేవాణ్ణి.

దీనికి తోడు పరామర్శలు. మా సంఘంలో రోగిని చూడటానికి వచ్చిన ప్రతివాడూ ప్రార్థన చేయకుండా లేవకూడదు. ఆ పద్ధతి పెట్టింది నేనే. రాళ్ళు కొట్టే సుందరయ్య మంచి మనిషి, సంఘంలో నా తర్వాతివాడు. అతను కళ్ళు మూసుకుంటే మాచెర్ల నుంచి మొదలుపెట్టి యుద్ధంలో ఉన్న రాజుల దాకా అందరి కోసమూ ప్రార్థించి, ఆఖరికి నా కాలి దగ్గరకు వచ్చేవాడు. ఒకసారి అతను రాజుల దగ్గర ఉండగా నాకు దొడ్లోకి పోవలసిన అవసరం వచ్చింది. ఆమెన్ అనేదాకా పళ్ళు బిగించుకుని పడుకున్నాను. ఇన్నేళ్ళూ నేను ఎందరి మంచాల పక్కన ఎంత పొడుగు ప్రార్థనలు చేశానో, అవతల పడుకున్నవాళ్ళు ఏం బిగించుకుని ఉన్నారో ఆ రోజు తెలిసింది.

వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట అనేవారు. "ఎలీశమ్మకు నీళ్ళు మోసి మోసి కాలు పాడుచేసుకున్నాడయ్యా." నేను కాదనలేదు. కళ్ళు మూసుకుని తల అటూ ఇటూ ఊపేవాణ్ణి. అది కాదన్నట్టూ ఉంటుంది, అవునన్నట్టూ ఉంటుంది.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు. ఒక మధ్యాహ్నం కరుణమ్మ పుల్లలకు పోయింది. నా కాలికి చుట్టి ఉన్న చీపురుపుల్లను చూస్తుంటే నాకు విసుగు ముంచుకొచ్చింది. నేనే పట్టుకుని లాగాను. బెత్తెడు వచ్చింది. సంతోషించి ఇంకా లాగాను. తెగిపోయింది.

రెండు బారల పురుగు తెగిందని తర్వాత చాలా రోజులు చెప్పుకున్నాను. బయటికి వచ్చినంతవరకు కరుణమ్మ కొలిచింది, మూరెడు. లోపల ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. పొద్దుగూకేసరికి మోకాలి దాకా వాచింది. మర్నాటికి తొడ దాకా పాకింది, ఒళ్ళు కాలిపోతోంది.

నరసరావుపేటలో ఆసుపత్రికి తీసుకుపోయారు. బొగ్గు బస్సు. పెట్రోలు యుద్ధానికి పోయి, బస్సు వెనక కుంపటి కట్టుకుని తిరుగుతున్న రోజులు. మిట్ట వచ్చినప్పుడల్లా ఆగిపోయేది. అందరూ దిగి తోసేవారు. నేనొక్కణ్ణే లోపల పడుకుని ఉండేవాణ్ణి. కరుణమ్మ కూడా దిగి తోసింది. మళ్ళీ ఎక్కి చేతులు తుడుచుకుంటూ, "లాగొద్దంటే లాగితివి. ఇప్పుడు నిన్ను నేను తోస్తన్నా," అంది. దారి పొడుగునా ఆమె మాట్లాడింది అంతే.

ఆసుపత్రి వరండాలో రెండు రోజులు ఎదురుచూశాం. లోపల మంచం ఖాళీ లేదు. నా పక్కన వినుకొండ వైపు ముసలాయన ఒకడు చాప మీద ఉన్నాడు. రెండు కళ్ళకూ శస్త్రం చేసి గుడ్డ కట్టారు. నన్ను చూడలేడు. నేను మూలిగితే చేత్తో తడుముకుని తన విసనకర్ర తీసుకుని ఆ శబ్దం వైపు విసిరేవాడు.

"మొహానికి కాదయ్యా, కాలికి. ఇంకా కిందకి," అనేవాణ్ణి నేను.

"ఇక్కడా?"

"కొంచెం ఎడమకు."

"ఇప్పుడు తగుల్తందా గాలి?"

"తగుల్తంది."

చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చుకునేవాడు. రెండు రోజులు అలాగే విసిరాడు. నేను ఆయన పేరు అడగలేదు. నన్ను లోపలికి మోసుకుపోతుంటే, "ఏమయ్యా, ఉన్నావా?" అని ఖాళీ చాప వైపు అడుగుతుండటం విన్నాను. జవాబు చెప్పే ఓపిక లేక చెప్పలేదు. ఇది ఇప్పటికీ నన్ను కుడుతూనే ఉంటుంది.

కత్తి పెట్టిన సంగతి రాయను. ఒక్క కేక కూడా వేయలేదని పల్లెలో చెప్పాను. గేటు దగ్గర బండివాళ్ళకు వినబడేలా అరిచాను.

నాలుగో రోజున డాక్టరమ్మ కట్టు మారుస్తూ కొన్ని ప్రశ్నలు వేసింది. కరుణమ్మ అప్పుడు వంట పాకలో గంజి కాస్తోంది. ఆమె దగ్గర లేకపోవడం వల్లే ఈ కథ ఇంత పొడుగైంది.

"మీరు తాగేది ఏ నీళ్ళు?"

"దిగుడు బావి నీళ్ళమ్మా."

"మీ ఆవిడకు ఈ జబ్బు వచ్చిందా ఎప్పుడైనా?"

"రాలేదు. ఆవిడ కొంగు మడతేసి వడగట్టుకు తాగుతుంది. వాళ్ళమ్మ అలవాటు. నేను దోసిలితో అక్కడే తాగేస్తాను."

డాక్టరమ్మ తల ఊపింది. "ఈ పొక్కు లేచాక ఆ బావిలో కాలు పెట్టారా?"

నేను కాస్త ఆలోచించి, "ఒకటి రెండుసార్లు," అన్నాను.

ఆమె అప్పుడు మెల్లగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. ఈ పురుగు నీళ్ళలోంచే వస్తుంది. మంట పుడితే మనిషి నీళ్ళ కోసం పోతాడు. కాలు నీళ్ళలో పెట్టగానే పురుగు కంటికి కనబడని పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్ళు వడగట్టకుండా తాగినవాళ్ళలో కొందరికి సరిగ్గా ఏడాదికి ఇదే పొక్కు లేస్తుంది. "మీ బావి నీళ్ళు ఎంతమంది తాగుతారు?" అని అడిగింది.

"పల్లె మొత్తం," అన్నాను.

ఆమె కట్టు కట్టడం ఆపి నా మొహంలోకి చూసింది. "ఇంటికి పోగానే చెప్పండి. బట్టతో వడగట్టుకోమనండి. పుండు ఉన్నవాళ్ళను బావిలోకి దిగనివ్వకండి. చెబుతారు కదూ?"

"చెబుతానమ్మా," అన్నాను.

వానలు పడ్డాక, ఊతకర్ర పట్టుకుని నడవగలిగేసరికి మా ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెట్టారు. మా దగ్గర జబ్బు నుంచి లేచినవాడు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యాన్ని ఎవరూ ప్రశ్నించరు. ఆమెన్ అని పాట అందుకుంటారు. డాక్టరమ్మ మాట చెబుదామనే లేచాను. ఇది నిజం. కానీ నాకంటే ముందు సుందరయ్య లేచి, "కాలు కుళ్ళతన్నా పరులకు నీళ్ళు మోసిన మనిషి మన పంతులుగారు. అందుకే దేవుడు లేపాడు," అన్నాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఎలీశమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది.

అప్పుడు నేను చెప్పిన సాక్ష్యంలో ఏడిళ్ళకు నీళ్ళు మోశాను. మోసింది ఒక ఇంటికి. అడుగడుగునా ఒక ప్రార్థన చేశానన్నాను. చేసింది ఏమీ లేదు, పాట పాడుకున్నాను, అదీ మంట తగ్గిన హాయికి. మన కాలు నొప్పి మరిచి ఎదుటివాడి దాహం చూస్తే ఆత్మకు దొరికే ఆనందం ఇంతని చెప్పలేనన్నాను. డాక్టరమ్మ మాట చెప్పలేదు. వానలొచ్చాయి, బావి నిండింది, అన్ని నీళ్ళలో ఒక్క కాలు ఎంత అనుకున్నాను. వచ్చే వారం చెబుదామనుకున్నాను. ఆ వారం రాలేదు.

మరుసటి ఏడు మళ్ళీ శ్రమదినాలు వచ్చాయి. మొదట సుందరయ్యకు మోకాలి కింద పొక్కు లేచింది. తర్వాత చర్చి పక్కింట్లో తల్లీకూతుళ్ళకు. వారం తిరిగేసరికి తొమ్మిది ఇళ్ళలో మంచాలు పడ్డాయి. ఎప్పుడూ ఒకరిద్దరికి వచ్చేది. ఎలీశమ్మకు మడమలో లేచింది. ఆమె పడుకోలేదు. పడుకుంటే తిండి లేదు. మిరపకోతకు పోయింది. బస్తా ఎత్తుకుని గట్టు దిగుతుంటే పురుగు లోపలే తెగింది.

ఆ వారంలోనే ఒక పొద్దున నేను బావి వైపు పోయాను. సుందరయ్య మోకాలికి గుడ్డ కట్టుకుని, కడవ భుజాన పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. నీళ్ళలోకి దిగి నిలబడ్డాడు. గుడ్డ తడిసింది. అతని మొహంలో హాయి నాకు పైనుంచి కనబడింది.

"సుందరయ్యా, నీకెందుకు నీళ్ళ పని?" అన్నాను.

"నాకు కాదు పంతులుగారూ. చర్చి పక్కింటి తల్లీకూతుళ్ళు లేవలేకుండా ఉన్నారు. మీ సాక్ష్యమే గదా మాకు బలం," అన్నాడు తల పైకెత్తి. "నిజంగానే కాలు నొప్పి తెలవడం లేదండీ. మీరు చెప్పినట్టే ఉంది."

అతను పోయాక ఇంకొకామె దిగింది, కాలికి కట్టుతో, చేతిలో రెండు కడవలతో. ఒకటి తనకు, ఒకటి ఎలీశమ్మకు.

ఎలీశమ్మ కాలికి నా తెలివితక్కువతనం కారణం. వీళ్ళ కాళ్ళు ఆ నీళ్ళలోకి దిగడానికి నా నోరు కారణం. వచ్చే ఏడు మంచం పట్టబోయేవాళ్ళు నా కళ్ళముందే కడవలు నింపుకుంటున్నారు.

ఆ ఆదివారం ఆరాధనలో నిలబడి చెప్పేశాను. నేను కాలు చల్లబరుచుకోవడానికే బావిలో దిగానన్నాను. నీళ్ళు పాడుచేసింది నేనేనన్నాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పి, ఇక ఎవరూ పుండుతో దిగొద్దని బతిమాలాను. తర్వాత సుందరయ్య లేచాడు.

"చూశారా? మెప్పు తనకు అంటగూడదని తప్పంతా మీదేసుకుంటన్నాడు. ఇదయ్యా తగ్గింపంటే," అన్నాడు.

ఆమెన్ అన్నారు. పాట అందుకున్నారు. నేను చేతులు ఊపాను. నిజమేనని అరిచాను. ఎంత అరిస్తే అంత గట్టిగా పాడారు. అబద్ధం చెప్పిన రోజు నమ్మినవాళ్ళు నిజం చెప్పిన రోజు నన్ను మెచ్చుకున్నారు. నా తల మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ పీక్కోవాలనిపించింది.

ఒక్క కరుణమ్మ పాడలేదు. ఇంటికి పోయాక వాకిట్లోనే నిలబెట్టింది.

"డాక్టరమ్మ చెప్పింది నిజమా? ఎప్పుడు చెప్పింది?"

"ఆసుపత్రిలోనే. నువ్వు గంజి కాస్తున్నప్పుడు."

"పది నెలలు. నా చేతి కూడు తింటా పది నెలలు కూచున్నావు. నా కొంగుతో నేను వడగట్టుకుంటా ఉంటే చూస్తా కూచున్నావు. ఒక్క మాట చెప్తే ఇంటింటికీ నా చీరెలు చించి ఇచ్చేదాన్ని గదయ్యా."

ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పక్కకు పోయేది. పాత చీరలు ముక్కలు చేసి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది. చాలామంది తీసుకుని కుండ మూతికి కట్టకుండా దండెం మీద వేశారు. పంతులుగారి భార్య ఇచ్చిన గుడ్డ, దాచుకోవాలట.

ఇక నాకు మిగిలిన చోటు ఒక్కటే. ఎలీశమ్మ గుడిసెకు పోయాను. మడమ వాచి మంచం అంచు మీద పెట్టుకుని ఉంది. కింద కూర్చుని మొదటి నుంచి చెప్పాను. ఏడిళ్ళ సంగతి, పాట సంగతి, డాక్టరమ్మ సంగతి.

"కాలు చల్లగా ఉంటదని దిగినావని నాకు తెలుసులే," అంది. "నువ్వు బావికి పోతే నా గంజి కాగిందాకా వచ్చేవాడివి కాదు. పోనీలే పాపం, మండుతందేమో అనుకున్నా. ఆ పురుగు సంగతి మాత్రం నాకు తెలవదు." మడమ మీద వాలిన ఈగను తోలింది. "నీకు తెలిసి ఊరకున్నావు."

"ఊరుకున్నాను."

"నేను నీ ఎదురుగా కూచోని నీ సాక్ష్యం ఇన్నాను. ఏడ్చినా కూడా."

పోతానని లేచాను.

"యాడికి పోతావు, కూచో. ఇప్పుడేం చేస్తావు?"

"ఏం చేయను ఎలీశమ్మా. చెబితే నమ్మటం లేదు. సుగుణమంటున్నారు."

"నువ్వు చెప్తే సుగుణమనే అంటారు. నేను చెప్తే తగువంటారు. తగువైతే మన పల్లెలో అందరూ ఇంటారు," అంది. "ఆదివారం నన్ను చర్చికి మోయించు. నేను చెప్పేటప్పుడు నువ్వు తల ఊపమాక. అవునంటే అవునను, కాదంటే కాదను."

వారం రోజులు నాకు నిద్ర లేదు. ఆమె మాట మార్చుకుంటే బాగుండునని రెండుసార్లు అనుకున్నాను. మూడుసార్లు.

ఆదివారం నులకమంచం మీద ఆమెను తెచ్చి ముందు దించారు. లేవలేదు, మోచేతి మీద ఆనుకునే మాట్లాడింది. దేవుడికి స్తోత్రం అని మొదలుపెట్టలేదు. "నా మడమ చూడండి," అని మొదలుపెట్టింది. నేను మెట్టు మీద కూర్చునేది, పాడేది, ఎంతసేపు కూర్చునేది అంతా చెప్పింది. "ఈన పొక్కు కడిగిన నీళ్ళు నేను తాగినాను, మీరూ తాగినారు. తెలిసి కూడా చెప్పలేదు. ఇప్పుడు మీరు మీ పొక్కులు కడిగి నా ముంతలో పోస్తన్నారు. సేవంట. నాకొద్దు మీ సేవ. కాలు బాగున్నోళ్ళు తెండి నీళ్ళు, లేపోతే దాహంతో పడుంటా."

ఎవరూ ఆమెన్ అనలేదు. సుందరయ్య తన మోకాలి కట్టు వైపు చూసుకుని, తర్వాత నా వైపు తిరిగాడు.

"నిజమేనా పంతులుగారూ?"

"నిజం," అన్నాను.

అతను కర్ర తీసుకుని లేచి బయటికి పోయాడు. అతని వెనక ఒక్కొక్కరే పోయారు. ఎలీశమ్మ మంచం మోయడానికి మనుషులు మిగల్లేదు. చివరికి కరుణమ్మ వాకిట్లోకి పోయి నలుగురిని పిలుచుకొచ్చింది.

ఆ రోజు నుంచి పుండు ఉన్నవాళ్ళు బావిలో దిగలేదు. దండేల మీది గుడ్డలు కుండల మీదికి వచ్చాయి. నన్ను ప్రార్థనకు పిలవడం మానేశారు. ఆరాధన సుందరయ్య జరిపాడు. నేను పొద్దునా సాయంత్రమూ బావి పై మెట్టు మీద కర్రతో కూర్చునేవాణ్ణి. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. కొత్తగా పొక్కు లేచినవాళ్ళు మరిచిపోయి వస్తే అడ్డం పడేవాణ్ణి. "నువ్వు దిగితే సేవ, మేం దిగితే పాపమా?" అని తిట్టినవాళ్ళున్నారు. "లే, నీడకన్నా పో, ఎండకు చస్తావు" అన్నవాళ్ళు లేరు. వేసవి అంతా కూర్చున్నాను అని రాశాను. నిజానికి రెండు మధ్యాహ్నాలు నిద్రపోయాను.

అయ్యగారూ, మీరడిగిన లాభాల సంగతికి వస్తాను. ఆ మెట్టు మీద కూర్చున్నప్పుడు మనశ్శాంతి వస్తుందేమోనని ఎదురుచూశాను. నడుము నొప్పి వచ్చింది. సాక్ష్యం చెప్పిన రోజు కలిగిన ఆనందంలో వీసమెత్తు కూడా నాకు మళ్ళీ కలగలేదు. కలగనందుకు దేవుడి మీద చాలాసార్లు విసుక్కున్నాను. ఒప్పుకున్నాను కదా, కూర్చున్నాను కదా, ఇంకేం కావాలి నీకు అని అడిగాను. కుర్రవాళ్ళకు సేవ గురించి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పండి. మేలు చేస్తే మనసు తేలికపడుతుందనే ఆశతో దిగితే, మనసు తేలికపడటమే చూసుకుంటారు. నీళ్ళు చూసుకోరు.

ఆ మరుసటి వేసవిలో ముగ్గురికి వచ్చింది, నిరుడు ఒక్కరికి. ఈ ఏడు ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు. వేసవి ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఇంతకు మించి రాయను.

ఎలీశమ్మ మడమ నేలకు ఆనదు. మునివేళ్ళ మీద కర్రతో నడుస్తుంది. పొలం పనికి పోలేకపోతోంది. ఇంటి దగ్గర చింతపండు గింజలు తీస్తుంది. రోజూ పొద్దున నేనే ఆమెకు రెండు కడవల నీళ్ళు తీసుకుపోతాను. కడవలు దించాక, "కాళ్ళు చూపించు పంతులయ్యా," అంటుంది. పంచె మోకాళ్ళ దాకా ఎత్తి రెండు కాళ్ళూ ముందూ వెనకా చూపిస్తాను. పక్కవాళ్ళు చూస్తుంటారు. వంగి, పాత మచ్చ దగ్గర వేలు పెట్టి నొక్కి చూసి, అప్పుడు గుడ్డ తెచ్చి కుండకు కట్టి, పొయ్యమంటుంది. మూడేళ్ళుగా ఇదే. ఒక్కరోజు కూడా బాగున్నావా అని అడగలేదు.

పోయిన నెలలో ఒకనాడు కడవలు దించి పంచె ఎత్తుతుంటే, "చాల్లే, పొయ్యి," అంది. చూడలేదు. చింతపండు ముందేసుకుని తన పని చేసుకుంటోంది. నేను నీళ్ళు పోసి, ఖాళీ కడవలు తీసుకుని వీధి చివరిదాకా వచ్చి నిలబడిపోయాను. అరవై నాలుగేళ్ళ మనిషిని, పదిమంది తిరిగే దారిలో. అయ్యగారు అడిగిన లాభం దొరికింది, ఇక రాయొచ్చు అనుకుని ఆ సాయంత్రమే ఈ కాగితాలు తీశాను.

మర్నాడు మళ్ళీ చూపించమంది. చూపించాను.